ఎముకల్లో మిగిలిన తిండి, నీరు, నేల: పురాతన అస్థిపంజరాల గురించి ఐసోటోపులు ఏం చెబుతాయి, ఏం చెప్పలేవు?

ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో, సముద్ర మట్టానికి 5,000 మీటర్లకు పైగా ఎత్తున, రూప్‌కుండ్ అనే చిన్న సరస్సు ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం మంచు కప్పి ఉండే ఈ సరస్సులోనూ, దాని ఒడ్డునా వందలాది మనుషుల ఎముకలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. 1942లో ఒక అటవీ అధికారి వీటిని గమనించినప్పటి నుంచి ఈ మృతులు ఎవరన్నది అంతుచిక్కని ప్రశ్నగా మిగిలింది. యుద్ధం నుంచి తిరిగి వస్తున్న సైనికులని కొందరు, నందాదేవి యాత్రకు బయలుదేరిన భక్తులని కొందరు, అంటువ్యాధికి బలైనవారని మరికొందరు ఊహించారు. అందరూ ఒకేసారి, ఒకే విపత్తులో మరణించి ఉంటారన్న భావన మాత్రం చాలాకాలం బలంగా ఉండేది.

2019 ఆగస్టులో 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రిక ప్రచురించిన అధ్యయనం ఆ భావనను తలకిందులు చేసింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం సహా పలు దేశాల సంస్థల శాస్త్రవేత్తలు ఇందులో పాల్గొన్నారు. వారు 38 మంది డీఎన్ఏను విశ్లేషించగా 23 మంది దక్షిణాసియా మూలాలవారని, 14 మంది నేటి గ్రీస్, క్రీట్ ప్రజలకు దగ్గరి మూలాలవారని, ఒకరు ఆగ్నేయాసియా మూలాలవారని తేలింది. మొదటి వర్గంవారు క్రీ.శ. 7 నుంచి 10వ శతాబ్దం మధ్య, అదీ ఒకే సందర్భంలో కాకుండా, మరణించారు. మిగిలిన రెండు వర్గాలవారు 1800 ప్రాంతంలో మరణించారు. రెండు ఘట్టాలకూ మధ్య దాదాపు వెయ్యేళ్ల దూరం ఉంది.

ఈ అధ్యయనంలో అంతగా ప్రచారానికి నోచుకోని భాగం మరొకటి ఉంది. 45 మంది తొడ ఎముకల నుంచి తీసిన నమూనాల్లో కర్బనం, నత్రజని ఐసోటోపులను శాస్త్రవేత్తలు కొలిచారు. డీఎన్ఏ ప్రకారం దక్షిణాసియావారిగా తేలిన వర్గంలో ఆహారం ఒక్కొక్కరిది ఒక్కో తీరుగా ఉంది. కొందరు వరి, గోధుమ వంటి ధాన్యాలు తిన్నారు. మరికొందరి ఆహారంలో చిరుధాన్యాలూ ఉన్నాయి. మధ్యధరా మూలాల వర్గంలో మాత్రం చిరుధాన్యాల జాడ దాదాపు లేదు. వంశ మూలాలతో ఏ సంబంధమూ లేని ఒక రసాయన పరీక్ష, డీఎన్ఏ గీసిన విభజన రేఖనే వేరే దారిలో చూపించింది.

చనిపోయి శతాబ్దాలు గడిచాక కూడా మనిషి తిన్న తిండి ఎముకలో ఎలా మిగులుతుంది? తాగిన నీరు, పెరిగిన నేల పంటిలో ఎలా నమోదవుతాయి? ఆ ఆధారాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

ఐసోటోపు అంటే ఏమిటి?

ఒకే మూలకానికి చెందిన పరమాణువులన్నింటిలోనూ ప్రోటాన్ల సంఖ్య సమానంగా ఉంటుంది. న్యూట్రాన్ల సంఖ్య మాత్రం మారవచ్చు. అలా ద్రవ్యరాశిలో తేడా ఉన్న రూపాలే ఐసోటోపులు. ఆవర్తన పట్టికలో ఇవన్నీ ఒకే గడిలో ఉంటాయి కాబట్టి, గ్రీకు భాషలో 'ఒకే చోటు' అనే అర్థం వచ్చే పదాలతో ఈ పేరు పుట్టింది. మార్గరెట్ టాడ్ అనే వైద్యురాలు సూచించిన ఈ మాటను బ్రిటన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సాడీ 1913లో వాడుకలోకి తెచ్చారు. తెలుగులోని 'సమస్థానీయం' కూడా అదే అర్థాన్ని ఇస్తుంది.

ప్రకృతిలోని కర్బనంలో దాదాపు 98.9 శాతం కర్బనం-12. సుమారు 1.1 శాతం కర్బనం-13. ఈ రెండూ స్థిరమైనవి, అంటే కాలక్రమంలో క్షీణించవు. పురాతన వస్తువుల వయసు నిర్ణయించడానికి వాడే కర్బనం-14 వీటికి భిన్నం, అది రేడియోధార్మికమైనది. కర్బనం-14 'ఎప్పుడు' అనే ప్రశ్నకు జవాబిస్తే, స్థిర ఐసోటోపులు 'ఏం తిన్నారు', 'ఎక్కడ పెరిగారు' అనే ప్రశ్నలకు జవాబిస్తాయి.

భారీ ఐసోటోపు, తేలిక ఐసోటోపు రసాయన చర్యల్లో ఒకే వేగంతో పాల్గొనవు. మొక్క గాలి నుంచి కర్బనాన్ని గ్రహించినా, జంతువు తిన్నది మాంసంగా మారినా, సముద్రపు నీరు ఆవిరై వానగా కురిసినా వాటి నిష్పత్తి కొద్దికొద్దిగా మారుతుంది. ఈ మార్పు వెయ్యిలో కొన్ని వంతులే. అయినా మాస్ స్పెక్ట్రోమీటర్ అనే పరికరం దాన్ని కచ్చితంగా కొలవగలదు.

అన్నానికీ జొన్నరొట్టెకూ తేడా

ఆహార అధ్యయనానికి పునాది కిరణజన్య సంయోగక్రియలో ఉన్న ఒక తేడా. వరి, గోధుమ, బార్లీ, కంది, పెసర, బంగాళదుంప, చాలావరకు చెట్లు గాలిలోని కర్బనాన్ని మొదట మూడు కర్బన పరమాణువులున్న పదార్థంగా మారుస్తాయి. అందుకే వీటిని సీ-3 మొక్కలంటారు. జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్న, చెరకు, ఉష్ణమండలపు గడ్డిజాతులు మొదట నాలుగు కర్బన పరమాణువులున్న పదార్థాన్ని తయారుచేస్తాయి. ఇవి సీ-4 మొక్కలు. సీ-4 మొక్కల్లో కర్బనం-13 వాటా కొంత ఎక్కువ. అంతర్జాతీయ ప్రమాణంతో పోలిస్తే సీ-3 మొక్కల్లో ఆ వాటా వెయ్యికి దాదాపు 26 వంతులు, సీ-4 మొక్కల్లో దాదాపు 12 వంతులు తక్కువగా ఉంటుంది. ఈ రెండు అంకెల మధ్య దూరం చాలా ఎక్కువ కాబట్టి వాటిని పొరబడే అవకాశం లేదు.

తిన్నదే శరీరమవుతుంది కనుక ఈ తేడా ఎముకలోని కొల్లాజెన్ అనే మాంసకృత్తుకు చేరుతుంది. మాగాణిలో పండిన బియ్యం తిని బతికిన మనిషి ఎముకకూ, మెట్ట నేలల్లో జొన్న, సజ్జ, రాగుల మీద బతికిన మనిషి ఎముకకూ తేడా ఇలా తెలుస్తుంది.

ఈ సంగతి బయటపడిన తీరు కూడా ఆసక్తికరం. 1960వ దశకంలో కర్బనం-14 పరీక్షల్లో మొక్కజొన్న నమూనాల వయసు వాస్తవం కంటే సుమారు 200 ఏళ్లు తక్కువగా వస్తోందని శాస్త్రవేత్తలు గమనించారు. కారణం వెతికితే మొక్కజొన్న కర్బనాన్ని వేరే తీరుగా గ్రహిస్తుందని తెలిసింది. కొలతలో దొర్లిన ఆ తప్పే కొత్త పద్ధతికి మూలమైంది. 1977లో జాన్ వోగెల్, నికొలాస్ వాన్ డెర్ మెర్వే న్యూయార్క్ రాష్ట్రంలోని పురాతన అస్థిపంజరాలను పరీక్షించి, అక్కడి ప్రజల ఆహారంలోకి మొక్కజొన్న ప్రవేశించిన ఆనవాళ్లను ఎముకల్లోనే చూపించారు.

అయితే దక్షిణాసియాలో ఒక జాగ్రత్త అవసరం. ఇక్కడి పశువులు మేసే గడ్డిలో సీ-4 జాతులు ఎక్కువ. వాటి పాలు, పెరుగు, నెయ్యి, మాంసం ద్వారా కూడా సీ-4 గుర్తు మనిషి ఎముకకు చేరుతుంది. ఎముకలో కర్బనం-13 ఎక్కువగా కనిపించినంత మాత్రాన ఆ మనిషి జొన్నలు తిన్నాడని తేల్చలేం. అదే తవ్వకంలో దొరికిన పశువుల ఎముకలను, మాడిపోయి మిగిలిన గింజలను కూడా పరిశీలిస్తేనే ఆ సందేహం తీరుతుంది.

తల్లిపాలు మానిన వయసు

నత్రజని-15 మరో కథ చెబుతుంది. మొక్క నుంచి దాన్ని తినే జంతువుకు, ఆ జంతువు నుంచి దాన్ని తినే మనిషికి చేరే కొద్దీ దాని వాటా ఒక్కో మెట్టుకు వెయ్యికి 3 నుంచి 5 వంతులు పెరుగుతుంది. అందువల్ల మాంసం, పాలు, చేపలు ఎక్కువగా తిన్నవారి ఎముకల్లో అది ఎక్కువగా ఉంటుంది. నీటిలో ఆహార శృంఖల పొడవు ఎక్కువ కాబట్టి చేపల మీద ఆధారపడినవారిలో ఇంకా ఎక్కువ.

చనుబాలు తాగే శిశువు ఒక రకంగా తల్లి శరీరాన్నే ఆహారంగా పొందుతున్నట్టు. కాబట్టి శిశువు కణజాలంలో నత్రజని-15 తల్లిలో కంటే వెయ్యికి 2 నుంచి 3 వంతులు ఎక్కువగా ఉంటుంది. పాలు మాన్పించి గంజి, మెత్తటి అన్నం అలవాటు చేసే కొద్దీ అది తగ్గుతుంది. పంటి లోపలి డెంటిన్ పొరను పలుచని ముక్కలుగా కోసి వరుసగా పరీక్షిస్తే, వేల ఏళ్ల కిందటి బిడ్డ ఏ వయసులో తల్లిపాలకు దూరమైందో అంచనా వేయవచ్చు. శిశుమరణాలకు, పాలు మాన్పించే వయసుకు, తదుపరి కాన్పుకు మధ్య ఉన్న సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి ఇది కీలకం. రాజుల శాసనాల్లోగానీ పన్నుల లెక్కల్లోగానీ ఎక్కడా కనిపించని సమాచారం ఇది.

పన్ను బాల్యాన్ని, ఎముక చివరి ఏళ్లను

శరీరంలోని అన్ని భాగాలూ ఒకే కాలాన్ని నమోదు చేయవు. పంటి పైనున్న పింగాణి పొర బాల్యంలో ఏర్పడుతుంది. ఆ తర్వాత అది మారదు. మొదటి దవడ పన్ను పింగాణి పుట్టుక నుంచి దాదాపు మూడేళ్ల వయసు వరకు, జ్ఞానదంతం పింగాణి సుమారు ఎనిమిదేళ్ల నుంచి కౌమారం వరకు రూపొందుతాయి. ఎముక అలా కాదు. అది జీవితాంతం పాతదాన్ని కరిగించుకుంటూ కొత్తగా నిర్మించుకుంటుంది. తొడ ఎముక మరణానికి ముందరి పది, పదిహేనేళ్ల సగటును చెబితే, పక్కటెముక చివరి కొన్నేళ్లను చెబుతుంది.

ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ అవశేషాలపై జరిగిన పరీక్ష దీనికి మంచి ఉదాహరణ. 1485లో యుద్ధంలో మరణించిన ఈ రాజు అస్థిపంజరం 2012లో లెస్టర్ నగరంలోని ఒక కార్ల పార్కింగ్ స్థలం కింద బయటపడింది. 2014లో ప్రచురితమైన అధ్యయనంలో ఆయన పళ్లను, తొడ ఎముకను, పక్కటెముకను విడివిడిగా పరీక్షించారు. తూర్పు ఇంగ్లండ్‌లో పుట్టిన ఆయన ఏడెనిమిదేళ్ల వయసుకే మరో ప్రాంతానికి వెళ్లినట్టు పళ్లు చూపాయి. పక్కటెముక, తొడ ఎముకల మధ్య తేడా ఆయన రాజుగా ఉన్న 26 నెలల్లో ఆహారం మరింత విలాసవంతంగా మారినట్టు, ద్రాక్షసారా వాడకం పెరిగినట్టు సూచించింది. జీవితం గురించి లిఖిత ఆధారాలు ఉన్న వ్యక్తి కావడం వల్ల, పద్ధతి పనితీరును సరిచూసుకోవడానికి కూడా ఈ పరీక్ష ఉపయోగపడింది.

నేల ముద్ర, నీటి ముద్ర

మనిషి ఎక్కడ పెరిగాడో తెలుసుకోవడానికి ప్రధాన ఆధారం స్ట్రాన్షియం. రసాయనికంగా ఇది కాల్షియానికి దగ్గరి బంధువు. రాళ్లు అరిగి మట్టిలో కలిసి, మట్టి నుంచి పంటకూ, నీటికీ, వాటి ద్వారా పంటికీ చేరి అక్కడ కాల్షియం స్థానాన్ని ఆక్రమిస్తుంది. స్ట్రాన్షియం-87 అనేది రుబీడియం-87 క్షీణించడం వల్ల పుడుతుంది. ఆ క్షీణతకు అర్ధాయువు దాదాపు 4,900 కోట్ల ఏళ్లు. కాబట్టి రుబీడియం ఎక్కువగా ఉన్న పాత రాళ్లలో స్ట్రాన్షియం-87 వాటా ఎక్కువ, కొత్త అగ్నిశిలల్లో తక్కువ.

మహారాష్ట్రలో అధిక భాగాన్ని కప్పిన దక్కన్ బసాల్ట్ రాళ్ల వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు. హైదరాబాద్ పరిసరాల్లోని గ్రానైట్ గుట్టల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఈ రెండు నేలల మీద పండిన ధాన్యం తిని పెరిగిన ఇద్దరు పిల్లల పళ్లలో స్ట్రాన్షియం నిష్పత్తి ఒకేలా ఉండదు. పుట్టిన నేలను వదిలి ఎంత దూరం వెళ్లినా చిన్ననాటి పింగాణిలోని ఆ ముద్ర చెరిగిపోదు.

ఆక్సిజన్ ఐసోటోపులు తాగిన నీటి గురించి చెబుతాయి. సముద్రం నుంచి మేఘం లోపలికి సాగే కొద్దీ, కొండలెక్కే కొద్దీ ఆక్సిజన్-18 ఉన్న బరువైన నీరు ముందుగా కురిసిపోతుంది. అందుకే తీర ప్రాంతపు వాన నీటికీ, పర్వత ప్రాంతపు నీటికీ తేడా ఉంటుంది. సీసం ఐసోటోపులు కూడా రాళ్లు, ఖనిజాల ఆధారంగా ప్రాంతాలను వేరుచేయడానికి తోడ్పడతాయి. ఒక్క మూలకం మీద ఆధారపడకుండా రెండు మూడింటిని కలిపి చూసినప్పుడే నిర్ణయం బలపడుతుంది.

హరప్పా శ్మశానంలో వలస పిల్లలు

దక్షిణాసియాలో ఈ పద్ధతి తెరిచిన ముఖ్యమైన ద్వారం సింధు నాగరికతది. ఆ నాగరికత లిపిని ఇప్పటికీ ఎవరూ సర్వసమ్మతంగా చదవలేకపోయారు. నగరాల్లో ఎవరు నివసించారో, పల్లెలతో వారికి ఎలాంటి సంబంధం ఉండేదో చెప్పే రాత ఆధారం లేదు. అక్కడ పళ్లే పత్రాలయ్యాయి.

పాకిస్తాన్‌లోని హరప్పాలో, హరియాణాలోని ఫర్మానాలో తవ్విన శ్మశానాల నుంచి సేకరించిన పళ్లలో స్ట్రాన్షియం, సీసం ఐసోటోపులను విశ్లేషించిన అధ్యయనం 2015లో 'ప్లాస్ వన్' పత్రికలో వెలువడింది. ఈ సమాధులు క్రీ.పూ. 2600-1900 మధ్య కాలానివి. అక్కడ పూడ్చిపెట్టినవారిలో దాదాపు అందరూ మొదటి తరం వలసవారేనని పరిశోధకులు గుర్తించారు. ఒకే వ్యక్తికి చెందిన వేర్వేరు వయసుల పళ్లను పోల్చినప్పుడు, వనరులు పుష్కలంగా ఉన్న దూర ప్రాంతాల నుంచి వారు బాల్యంలోనే వచ్చినట్టు కనిపించింది.

ఇందులో ఆశ్చర్యం కలిగించే అంశం మరొకటి ఉంది. ఆ శ్మశానాలు వందల ఏళ్ల పాటు వాడుకలో ఉన్నవి. వలస వచ్చినవారి పిల్లలు, మనవలు నగరంలోనే పుట్టి ఉంటే వారి స్థానిక ముద్ర సమాధుల్లో కనిపించాలి. అది కనిపించలేదు. దీన్నిబట్టి నగరవాసులందరినీ పూడ్చిపెట్టే ఆచారం లేదని, బయటి ప్రాంతాల నుంచి ఒక పద్ధతి ప్రకారం నగరానికి వచ్చిన ప్రత్యేక వర్గానికే ఇలా అంత్యక్రియలు జరిగి ఉంటాయని పరిశోధకులు భావించారు. తమ నిర్ధారణను బలపరచడానికి మరిన్ని విశ్లేషణలు అవసరమని కూడా వారే పేర్కొన్నారు.

ఆ పిల్లలు ఎందుకు వచ్చారు? పనివారిగానా, శిష్యులుగానా, వ్యాపార కుటుంబాల మధ్య పెంపకపు ఒప్పందాల వల్లనా? ఐసోటోపులు ఆ ప్రశ్నకు జవాబు చెప్పవు. ఒక బిడ్డ ఒక నేల నుంచి మరో నేలకు వచ్చిందని మాత్రమే అవి చెప్పగలవు.

శ్రీలంక అడవుల్లో 20 వేల ఏళ్ల సాక్ష్యం

చదవలేని లిపి ఉన్న కాలం నుంచి, లిపే లేని కాలానికి వెళ్లినా ఈ పద్ధతి పనిచేస్తుంది. దట్టమైన వర్షారణ్యాల్లో వేట, సేకరణలతో మనుగడ సాగించడం ఆదిమానవుడికి కష్టమని చాలాకాలం భావించారు. 2015లో 'సైన్స్' పత్రికలో ప్రచురితమైన పరిశోధన శ్రీలంక గుహల్లో దొరికిన మానవ దంతాలతో ఈ అభిప్రాయాన్ని సవాలు చేసింది.

గుబురు చెట్ల నీడలో పెరిగే మొక్కల్లో కర్బనం-13 మరీ తక్కువగా ఉంటుంది. వెలుతురు తక్కువ కావడం, కుళ్లిన ఆకుల నుంచి వెలువడిన కర్బనమే మళ్లీ మొక్కలకు చేరడం ఇందుకు కారణాలు. ఆ అడవి ముద్ర గుహవాసుల పళ్లలో కనిపించింది. సుమారు 20 వేల ఏళ్ల కిందటి నుంచి 3 వేల ఏళ్ల కిందటి వరకు అక్కడి మనుషులు అడవి వనరుల మీదే ప్రధానంగా ఆధారపడ్డారని పరిశోధకులు తేల్చారు. వాతావరణం మారిన దశల్లోనూ వారు అడవిని వదల్లేదు.

ఆకలి కూడా నమోదవుతుంది

ఆరోగ్య చరిత్రలో ఈ పద్ధతి ప్రాధాన్యాన్ని ఐర్లండ్‌లోని కిల్కెన్నీ పట్టణపు అవశేషాలు తెలియజేస్తాయి. 1845లో బంగాళదుంప పంటకు సోకిన తెగులు ఐర్లండ్‌ను మహాక్షామంలోకి నెట్టింది. దిక్కులేనివారు నిరుపేదల కోసం ఏర్పాటైన ఆశ్రమాల్లో చేరారు. కిల్కెన్నీ ఆశ్రమ ఆవరణలోని సామూహిక సమాధుల నుంచి 970 మందికి పైగా అవశేషాలు బయటపడ్డాయి.

2016లో ప్రచురితమైన అధ్యయనం వీరిలో కొందరి పళ్లలోని డెంటిన్‌ను పొరలు పొరలుగా పరీక్షించింది. బంగాళదుంప సీ-3 మొక్క. క్షామ సహాయంగా అమెరికా నుంచి దిగుమతి చేసిన మొక్కజొన్న సీ-4 పంట. సహాయం అందిన దశకు సంబంధించిన పొరల్లో కర్బనం-13 పెరిగిన జాడ స్పష్టంగా ఉంది. అంతకు ముందు, అంటే ఏ తిండీ దొరకని రోజుల్లో, నత్రజని-15 పెరిగిన గుర్తు కూడా కనిపించింది. ఆహారం లేనప్పుడు శరీరం తన కండరాలను తానే కరిగించుకుని బతకడానికి ప్రయత్నిస్తుంది. అంటే తనను తానే తింటుంది.

ఈ ఫలితంలో ఒక హెచ్చరిక ఉంది. నత్రజని-15 ఎక్కువగా ఉంటే మాంసం, పాలు సమృద్ధిగా తిన్నవారని భావించడం సాధారణం. కిల్కెన్నీలో అదే గుర్తు పస్తులకు ఆనవాలు. మృతుల కాలం, పరిస్థితి తెలియకపోతే ఆకలితో మరణించిన బిడ్డను సంపన్న కుటుంబపు బిడ్డగా పొరబడే ప్రమాదం ఉంది. అంకె ఎంత కచ్చితమైనదైనా దాని అర్థం సందర్భం మీదే ఆధారపడుతుంది.

దహనం చేసిన ఎముకల మాటేమిటి?

భారత ఉపఖండంలో మృతులను దహనం చేసే ఆచారం విస్తృతంగా ఉంది. తీవ్రమైన వేడికి కొల్లాజెన్ నశిస్తుంది కాబట్టి ఆహార వివరాలు దొరకవు. కానీ తెల్లగా కాలిన ఎముక గట్టిపడి, తర్వాతి కాలంలో నేలలోని స్ట్రాన్షియాన్ని పెద్దగా లోపలికి రానివ్వదు. దాంతో జీవించి ఉన్నప్పటి స్థాన ముద్ర భద్రంగా ఉంటుంది.

ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్ వద్ద దహనం చేసి పూడ్చిన 25 మంది ఎముకలను ఈ విధంగా పరీక్షించిన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. వారిలో కనీసం 10 మంది చివరి ఏళ్లను స్టోన్‌హెంజ్ చుట్టుపక్కల సుద్దరాతి నేల మీద గడపలేదని తేలింది. ఆ కట్టడంలోని నీలిరాళ్లు వచ్చిన పశ్చిమ వేల్స్‌తో వారి ముద్ర సరిపోలింది. దహన సంస్కారాల ప్రాంతాల్లోనూ వలస చరిత్రను శోధించడానికి ఇది వీలు కల్పిస్తుంది.

ఎక్కడ పొరబడవచ్చు?

పళ్లలోని అంకె తనంతట తానుగా ఏ ఊరి పేరూ చెప్పదు. దాన్ని వివిధ ప్రాంతాల మట్టి, నీరు, మొక్కల కొలతలతో తయారైన పటంతో పోల్చాలి. పటం తప్పయితే నిర్ణయమూ తప్పుతుంది.

డెన్మార్క్‌లోని ఎగ్‌ట్వెద్‌లో 1921లో బయటపడిన యువతి ఉదంతం ఇందుకు నిదర్శనం. క్రీ.పూ. 1370 ప్రాంతంలో ఓక్ దుంగ శవపేటికలో ఖననమైన ఈమె అక్కడ పుట్టలేదని, బహుశా దక్షిణ జర్మనీ నుంచి వచ్చిందని 2015లో స్ట్రాన్షియం ఆధారంగా ప్రకటించారు. ఆ కథనం ప్రపంచమంతటా ప్రచారం పొందింది. 2019లో మరో బృందం ఆ ప్రాంతపు కొలతలనే ప్రశ్నించింది. ఆధునిక రైతులు పొలాల్లో చల్లే వ్యవసాయ సున్నం మట్టి, నీటిలోని స్ట్రాన్షియం నిష్పత్తిని మార్చేసిందని, సున్నం సోకని చోట్ల కొలిస్తే ఆ యువతి స్థానికురాలు అయ్యే అవకాశమూ ఉందని పేర్కొంది.

ఎరువులు, కాలువల ద్వారా దూర ప్రాంతాల నీరు పొలాలకు చేరే భారతదేశంలో ఈ హెచ్చరిక మరింత వర్తిస్తుంది. అందుకే ప్రస్తుత మట్టితో పాటు, అదే తవ్వకంలో దొరికిన ఎలుకలు, పందులు వంటి ఎక్కువ దూరం తిరగని జంతువుల పళ్లను స్థానిక ప్రమాణంగా తీసుకుంటారు.

మరికొన్ని పరిమితులూ ఉన్నాయి. వేడి, వర్షాలు, ఆమ్ల గుణమున్న మట్టి కొల్లాజెన్‌ను నాశనం చేస్తాయి. అందువల్ల నమూనాలోని కర్బన, నత్రజని పరమాణువుల నిష్పత్తి 2.9 నుంచి 3.6 మధ్య ఉంటేనే ఫలితాన్ని విశ్వసిస్తారు. ఒకే రకమైన రాళ్లున్న రెండు దూర ప్రాంతాలకు ఒకే ముద్ర ఉండవచ్చు. కాబట్టి 'ఈ వ్యక్తి ఇక్కడివాడు కాదు' అని చెప్పడం సులువు. 'ఫలానా ఊరివాడు' అని చెప్పడం చాలా కష్టం. పైగా పరీక్షకు కొంత ఎముకనో పంటినో శాశ్వతంగా కోల్పోవాలి. ఆ భాగం మళ్లీ రాదు కనుక, ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నామో ముందే తేల్చుకోవడం పరిశోధకుల బాధ్యత.

మూలం వేరు, జీవితం వేరు

పురాతన అస్థిపంజరాలపై ఏ ఫలితం వెలువడినా 'స్థానికులెవరు, బయటివారెవరు' అనే వాదం దక్షిణాసియాలో వెంటనే రాజుకుంటుంది. ఆ చర్చలో డీఎన్ఏ, ఐసోటోపుల ఫలితాలను కలగాపులగం చేయడం తరచూ జరుగుతుంది. డీఎన్ఏ చెప్పేది వంశ మూలాన్ని. ఆ మూలం వందల తరాల నాటిది కావచ్చు. ఐసోటోపులు చెప్పేది ఒక్క జీవితకాలాన్ని మాత్రమే. ఒక ఊళ్లో పది తరాలుగా ఉన్న కుటుంబపు బిడ్డకూ, గర్భవతిగా వలస వచ్చిన తల్లికి ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన బిడ్డకూ పంటి ముద్ర ఒక్కటే. పక్క జిల్లా నుంచి పెళ్లై వచ్చిన కోడలు ఈ పరీక్షలో 'బయటి మనిషి'గా తేలవచ్చు. జాతి, భాష, కులం, మతం వీటిలో దేన్నీ స్ట్రాన్షియం గుర్తించదు.

రూప్‌కుండ్ ఎముకల విషయంలో రెండు పద్ధతులూ ఒకదానికొకటి తోడయ్యాయి. ఒకటి మూలాన్ని, మరొకటి ఆహారాన్ని వెల్లడించింది. అయినా మధ్యధరా ప్రాంతపు మూలాలున్న ఆ 14 మంది రెండు శతాబ్దాల కిందట హిమాలయాల్లో అంత ఎత్తుకు ఎందుకు చేరుకున్నారన్నది నేటికీ తెలియదు. మరోవైపు పర్వతారోహకులు జ్ఞాపికలుగా పట్టుకుపోవడంతో అక్కడి ఎముకలు తరిగిపోతున్నాయి. అలా పోయిన ప్రతి ఎముకతో పాటు ఒక మనిషి తిన్న తిండికి, తాగిన నీటికి మిగిలిన ఏకైక ఆధారం కూడా పోతోంది. పేరు, ఊరు, రాత ఏవీ మిగలని ఆ మనుషుల విషయంలో దానికి బదులు మరో ఆధారం లేదు.